తలుపు తీయడం తప్పా?

కువైట్‌లోని మంగాఫ్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరారు కనుక, ఎవరైనా గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెది రాజంపేట ప్రాంతం, వయసు 39. భర్త ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్. 13 ఏళ్ల క్రితం ఫ్యామిలీ వీసా మీద వెళ్లారు. కొడుకు తొమ్మిదో తరగతి, కూతురు నాలుగో తరగతి. ఆరేళ్ల క్రితం ఒక సాయంత్రం, ఎదురు విల్లాలో పనిచేసే కోనసీమ ఆవిడ చెత్త సంచి పారేయడానికి బయటికి వచ్చి, ఈమె పిల్లలతో తెలుగులో మాట్లాడటం విని, "అమ్మా, ఈ కాగితంలో ఏముందో చదివి చెబుతారా?" అని అడిగింది. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితం ఆవిడ పని ఒప్పందం. అందులో రాసిన జీతానికి 20 దినార్లు తక్కువగా రెండేళ్ల నుంచి తీసుకుంటున్న సంగతి ఆవిడకు ఆ రోజే తెలిసింది. ఆ నోటా ఈ నోటా పడి ఇప్పుడు ఈ సోదరి నంబరు రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు పల్లెల్లో, గోదావరి జిల్లాల్లో, బయలుదేరే ప్రతి ఆడమనిషి చీటీలోనూ ఉంటోంది.

ఉదయం నాలుగున్నరకే మొదటి ఫోను వస్తుంది. యజమానులు నిద్ర లేవకముందు స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో గుసగుసగా మాట్లాడతారు. మూడు నెలల జీతం ఆగిందని ఒకరు, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి) అయిపోయినా రెన్యువల్ చేయించడం లేదని ఒకరు, ఊళ్లో తల్లి పోయినా పంపించడం లేదని ఒకరు. పిల్లలను బడి బస్సు ఎక్కించాక పొడవాటి రూళ్ల నోటుబుక్కులో ఎవరి పేరు, పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు), యజమాని ఫోను వాళ్ల పేజీలో రాసుకుంటారు. అది మూడో నోటుబుక్కు. వారంలో రెండు రోజులు ఆసుపత్రికో, ఎంబసీకో, మార్చురీ కాగితాల కోసమో తిరుగుడు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయిన రోజున, గోదావరి జిల్లాల నుంచి తెల్లవార్లూ ఫోన్లు వచ్చాయట. ఆ రోజు నుంచి ఇప్పటివరకు ఫోను సైలెంట్‌లో పెట్టలేదని రాశారు.

ఇక అసలు కష్టం. రెండు నెలల క్రితం ఒక బుధవారం రాత్రి పదకొండు గంటలకు, రాయచోటి వైపు నుంచి వచ్చిన 24 ఏళ్ల అమ్మాయి టాక్సీ దిగి తలుపు కొట్టింది. చేతిలో క్యారీబ్యాగు, ఎడమ చేతి మీద ఇస్త్రీపెట్టె వాత. టాక్సీ అతను కిరాయి కోసం కింద కాచుకొని ఉన్నాడు. మర్నాడు ఆ అమ్మాయికి జ్వరం. శుక్ర, శనివారాలు ఎంబసీకి సెలవు. నాలుగు రాత్రులు ఇంట్లో ఉంచుకొని, ఆదివారం ఉదయం ఎంబసీలో అప్పగించారు. ఈలోపు యజమాని, పనిమనిషి పారిపోయిందని పరారీ కేసు పెట్టేశాడు. అమ్మాయి ఇప్పుడు షెల్టర్‌లో ఉంది. టికెట్ కోసం నలుగురు స్నేహితుల దగ్గర 130 దినార్లు పోగుచేస్తే, "మా చెల్లి పేరు చెప్పి డబ్బులు దండుకుంటున్నారు" అని ఆ అమ్మాయి అన్న ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో వాయిస్ మెసేజ్ తిప్పాడు. ఒక సంఘం వారు వచ్చి, అమ్మాయితో ఫొటో దిగుదాం, సన్మానం చేస్తాం అన్నారు. భర్త మాత్రం, "నీ అకామా నా మీద ఉంది, పిల్లలది నా మీద ఉంది, ఒక్క కేసుతో నలుగురం విమానం ఎక్కాలి, ఇవాళ్టితో ఆపెయ్" అని తేల్చి చెప్పి, వారం రోజులుగా మాట్లాడటం లేదు. కొడుకు అన్నం తింటూ, "అమ్మా, నువ్వు మాట్లాడుతున్నది నాతోనా, ఫోన్‌తోనా?" అన్నాడట. మానేయాలా, కొనసాగించాలా, పిల్లలను తీసుకొని ఇండియా వచ్చేయాలా అని అడుగుతూ, చివరి వాక్యంగా, "రాత్రిపూట ఫోను ఆపితే పాపమా?" అని రాశారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తొమ్మిది పేజీలు రాశారు. అందులో ఏడు పేజీలు ఇతరుల కష్టాలే. వారి యజమానుల కుటుంబ సభ్యుల సంఖ్యతో సహా రాశారు. మీ కొడుకు అన్న మాట ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. కూతురి గురించి తరగతి తప్ప ఇంకేమీ లేదు. ఇది తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మీ రోజు ఎలా గడుస్తోందో మీరు చెప్పినదానికన్నా ఆ పేజీల లెక్కే నాకు ఎక్కువ చెప్పింది.

ముందుగా మీ భర్తగారి మాట చూద్దాం. ఆయనను మీరు భయస్తుడని రెండుచోట్ల రాశారు. ఆయన భయం ఉత్త భయం కాదు. కువైట్‌లో 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టం ప్రకారం అకామా సరిగా లేని విదేశీయులకు, మరో యజమాని దగ్గర పని వదిలి వచ్చేసినవారికి ఆశ్రయం ఇవ్వడం నేరం. మీరు ఏ ఉద్దేశంతో తలుపు తీశారన్నది పోలీసు స్టేషన్‌లో మొదటి ప్రశ్న కాదు. ఎవరి ఇల్లు, ఎవరి పేరున అద్దె అన్నదే మొదటి ప్రశ్న. మీరు 22వ నంబరు వీసా మీద, అంటే ఆయన ఉద్యోగం మీద ఆధారపడి ఉన్నారు. ఆయనను పంపించేస్తే మీరు, పిల్లలు అక్కడ ఉండటానికి ఆధారం లేదు. అక్కడ దేశం నుంచి పంపించేయడానికి ప్రతిసారీ కోర్టు తీర్పు అక్కరలేదు, అధికారుల ఉత్తర్వు చాలు. ఇంకొక చిన్న విషయం మీరు మాట వరసకు రాశారు కానీ నా చూపు అక్కడే ఆగింది: మీరు వాడుతున్న సిమ్ ఆయన సివిల్ ఐడీ మీద తీసుకున్నది. ఆరేళ్లుగా మూడు జిల్లాల ఆడవాళ్లు, టాక్సీ డ్రైవర్లు, ఏజెంట్లు, కోపంతో ఉన్న యజమానులు మాట్లాడిన ప్రతి ఫోనూ కాగితం మీద ఆయనదే. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఆరేళ్లు ఊరుకున్నారు కూడా.

మరొకటి. ఆదివారం ఉదయం ఆయనే కారు తీసి, ఆ అమ్మాయిని ఎంబసీకి తీసుకువెళ్లి, మీరు బయటికి వచ్చేదాకా ఎండలో కారులోనే కూర్చున్నారని రాశారు. "దారంతా ఒక్క మాట మాట్లాడలేదు" అని దాన్ని ఫిర్యాదుగా రాశారు. ఒక పూట జీతం కోత పడుతుందని తెలిసీ, నంబరు ప్లేటు తనదని తెలిసీ వచ్చిన మనిషి ఆయన. మాట్లాడకపోవడం కూడా చూడండి, కారు తీయడం కూడా చూడండి.

అయితే ఆయన భయంలో నిజం ఉన్నంత మాత్రాన, ఆయన చెప్పిన పరిష్కారమే సరైనదని కాదు. ఆయనకు భయం ఇల్లు, డబ్బు, సిమ్ గురించి. ఆపేయమన్నది మాత్రం మొత్తాన్ని. ఈ రెండింటి మధ్య చాలా జాగా ఉంది. మీరిద్దరూ వారం రోజులుగా ఆ జాగాను చూడకుండా చెరో గట్టున నిలబడ్డారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు ఒక్కొక్కటిగా చూద్దాం.

పూర్తిగా మానేయడం మొదటిది. అది చేయదగినదే. ఆరేళ్లు చేశారు, ఎవరికీ బాకీ లేరు. కానీ మానేసిన రోజునే ఫోను ఆగదు. చీటీల్లో ఉన్న నంబరు చీటీల్లోనే ఉంటుంది. ఏడాది, రెండేళ్ల పాటు పిలుపులు వస్తూనే ఉంటాయి. సిమ్ విరిచి పారేస్తే, ఇవాళ మీ నోటుబుక్కులో నడుస్తున్న కేసుల వారు, అంటే మీరు చెప్పిన ఏడుగురు, నడిమధ్యలో తెగిపోతారు. కాబట్టి ఈ దారి ఎంచుకున్నా, ఆ ఏడుగురికీ ఎంబసీ నంబర్లు, వారి ఫిర్యాదు నంబరు, తరువాత చేయవలసిన పని ఏమిటో చెప్పి ముగించండి. కొత్త పేరు రాయకండి. నోటుబుక్కులను ఎవరికీ అప్పగించకండి. ఆ సంఘం వారు అడిగారని రాశారు కదా, వారికి అసలే వద్దు. అందులో ఉన్నవి ఆడవాళ్ల పాస్‌పోర్టు నంబర్లు, వారు దాక్కున్న చోట్లు. పని ముగిసిన పేజీలు చించి కాల్చేయండి. ఇక మనసు సంగతి. మానేసిన మొదటి నెలల్లో మీకు తేలిక అనిపించకపోవచ్చు. ఆ దిగులును భర్త మీద కోపంగా మార్చుకునే ప్రమాదం ఉంది. "నువ్వు ఆపించావు" అన్న మాట ఇంట్లో ఒక మూల కూర్చుంటే, అది ఫోన్ల కన్నా ఎక్కువ చప్పుడు చేస్తుంది. మానేస్తే మీ ఇష్టంతో మానేశానని మీకు మీరు చెప్పుకోగలిగినప్పుడే మానేయండి.

ఇప్పటిలాగే కొనసాగించడం రెండోది. దీని గురించి ఎక్కువ రాయను. ఈసారి గండం తప్పింది. వచ్చేసారి ఏమవుతుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఇంకో అమ్మాయి అర్ధరాత్రి వస్తే, మీ కూతురు నిద్రపోతున్న గది పక్కన మళ్లీ అదే నిర్ణయం, అదే అరక్షణంలో తీసుకోవలసి వస్తుంది.

ఇండియా వచ్చేయడం మూడోది. అది వేరే నిర్ణయం. పిల్లల చదువు, ఇంటి అప్పు, అత్తగారి ఆరోగ్యం ఆలోచించుకొని తీసుకోవలసినది. ఫోను నుంచి పారిపోవడానికి ఊరు మారకండి. ఆ ఫోను రాజంపేటలో కూడా మోగుతుంది, ఇంకా ఎక్కువగా మోగుతుంది.

నాలుగోది, పనిని కుదించుకోవడం. నాకు ఇది ఎక్కువ కుదిరేదిగా అనిపిస్తోంది. కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. మీ నోటుబుక్కు గురించి మీరు రాసిన వివరాల నుంచి నేనొక లెక్క వేశాను. గడిచిన నెలలో మీరు ప్రస్తావించిన 22 మందిలో, మీరు స్వయంగా వెళితేనే జరిగే పనులు మూడు: ఆసుపత్రిలో మాట రాని రోగి పక్కన కూర్చోవడం, షెల్టర్‌లో ఆ అమ్మాయిని చూడటం, ఒక మృతదేహం విషయంలో ఆ యజమానితో అరబ్బీలో మాట్లాడటం. మిగిలిన 19 మందికి కావలసింది ఎక్కడికి, ఏ కాగితంతో, ఏ వరుసలో వెళ్లాలన్న సమాచారం. అది చెప్పడానికి పది నిమిషాలు చాలు. మీరు వారి వెంట వెళ్లడం వల్ల వారికి ధైర్యం వచ్చిన మాట నిజమే. కానీ చాలాసార్లు మీరు దారి చూపడంతో ఆగకుండా, మీరే గమ్యం అయిపోయారు. అందుకే ఆ అమ్మాయి టాక్సీ అతనికి ఎంబసీ పేరు చెప్పకుండా మీ బిల్డింగు పేరు చెప్పింది. ఆమె చీటీలో ఉన్నది మీ నంబరు ఒక్కటే.

ఆ చీటీ మారాలి. మీకు ఫోను చేసే ప్రతి మనిషికీ మొదటి రోజునే, కష్టం వచ్చాక కాదు, కొన్ని విషయాలు చెప్పండి. మీరే రికార్డు చేసిన రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ అయితే ఇంకా మంచిది. చదువు రానివారు కూడా వింటారు, ఇంకొకరికి పంపుతారు. ఊళ్లో మీ మీద తిరిగిన వాయిస్ మెసేజ్ ఎంత దూరం పోయిందో చూశారు కదా, ఇది కూడా అంతే దూరం పోతుంది. అందులో ఏమి ఉండాలంటే: ఇంటిపనివారి కోసం 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం అక్కడ ఉంది. వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు, పని ముగించి వెళ్లేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం ఆ చట్టంలో ఉన్నాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది. అమలు సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా చట్టంలో ఉందని తెలిసి అడగడం వేరు, బతిమాలడం వేరు. ఇల్లు వదలక తప్పని పరిస్థితి వస్తే తెలిసినవారి ఇంటికి కాకుండా నేరుగా ఎంబసీకి గానీ, ఇంటిపనివారి ఫిర్యాదులు తీసుకునే రుమైథియాలోని కార్యాలయానికి గానీ వెళ్లాలి. యజమాని పరారీ కేసు పెట్టేలోపు తన ఫిర్యాదు నమోదైతే ఆ మనిషి మాటకు బలం ఉంటుంది, తరువాత అయితే ముందు తన మీద ఉన్న కేసుకు జవాబు చెప్పుకోవాలి. మీ ఇంట్లో గడిచిన ఆ నాలుగు రాత్రులు ఆ అమ్మాయికి అన్నం పెట్టాయి, జ్వరం తగ్గించాయి. కేసులో మాత్రం ఆమెకు నష్టమే చేశాయి. చెప్పడానికి బాధగా ఉంది కానీ, ఇది మీకు తెలియాలి.

దెబ్బలు, కాలిన గాయాలు ఉంటే 112కు ఫోను, ఆసుపత్రి రికార్డు, తేదీ పడేలా ఫొటో. పాస్‌పోర్టు చేతిలో లేదని భయపడనక్కరలేదు. స్వదేశానికి వెళ్లడానికి ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, జనం దాన్ని వైట్ పాస్‌పోర్టు అంటారు. టికెట్‌కు గతి లేనివారి కోసం, దిక్కులేని మృతదేహాలను పంపడం కోసం 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది, అది ఎంబసీ చేతిలోనే ఉంటుంది. మీరు పోగుచేసిన 130 దినార్ల టికెట్ కోసం మొదట అడగవలసిన చోటు అది. సెలవు రోజుల్లో కూడా ఎంబసీ అత్యవసర నంబరు ఉంటుంది. ఆ బుధవారం రాత్రి మీరు ఆ నంబరుకు ఫోను చేసి, పేరు, సమయం, పరిస్థితి చెప్పి ఉంటే, తరువాత మీ ఇంటి తలుపు గురించి ఎవరు అడిగినా మీ దగ్గర ఒక జవాబు ఉండేది. తలుపు మూయమని నేను అనను. అంత రాత్రి, ఆ చేతితో నిలబడిన పిల్లను చూసి తలుపు మూసే మనిషి అయితే మీరు ఈ ఉత్తరమే రాసి ఉండరు. తలుపు తీసిన మరుక్షణం ఫోను తీయండి, అంతే తేడా.

ఈ పద్ధతికి కూడా ఖర్చు ఉంది, దాచను. కొందరు, "అక్క మారిపోయింది, ఇదివరకు వచ్చేది, ఇప్పుడు ఫోనులో చెప్పి పెట్టేస్తోంది" అంటారు. దారి చెప్పినా వెళ్లలేని ఆడవాళ్లు ఉంటారు, వారిలో ఒకరిద్దరికి మీరు రానందువల్ల నిజంగానే చెడు జరగవచ్చు. అది మీ చెవిన పడుతుంది. దాన్ని మోయగలరా అన్నది మీరు ఆలోచించుకోవలసిన విషయం.

ఒంటరిగా కాకుండా, ఎంబసీ దగ్గర నమోదైన ఏదైనా సంఘం తరఫున పనిచేయడం ఇంకొక వీలు. అప్పుడు మీ వెనక ఒక లెటర్‌హెడ్ ఉంటుంది, పని పంచుకునే నలుగురు ఉంటారు, రాత్రి ఫోన్లకు వంతులు వేసుకోవచ్చు. దానితోపాటు ఫొటోలు, వేదికలు, ఏ పార్టీ వారు, ఏ కులం వారు అన్న గొడవలు కూడా వస్తాయి. తెలుగువాడు సముద్రం దాటేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు వాటిని కూడా కట్టుకుపోతాడు మరి. చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: షెల్టర్‌లో ఉన్న ఆడవాళ్ల ఫొటోలు బయట పెడతారా? పెడతామంటే నమస్కారం చెప్పి వచ్చేయండి. మీ దగ్గరికి వచ్చినవారికి ఈ అమ్మాయితో ఫొటో వద్దని చెప్పడం చాలా మంచి పని. రేపు ఆమె ఊరికి వెళ్లాక పెళ్లి సంబంధం వచ్చిన ప్రతిసారీ ఆ ఫొటో ముందు నడిచేది.

డబ్బు విషయంలో మాత్రం దారులు చెప్పను, ఒక్కటే చెబుతాను. ఇకపై ఒక్క దినారు కూడా మీ చేతి మీదుగా వెళ్లకూడదు. అక్కడ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. నలుగురు స్నేహితులే అయినా, వాట్సాప్‌లో అడిగితే అది వసూలే. ఎవరైనా సాయం చేస్తానంటే నేరుగా విమాన టికెట్ కొనివ్వమనండి, లేదా ఊళ్లోని తల్లి బ్యాంకు ఖాతాలో వేయమనండి. ఇప్పుడున్న 130 దినార్లు ఎవరివి వారికి తిరిగి ఇచ్చి, ముట్టినట్లు మెసేజ్ పెట్టించుకోండి.

ఆ అన్న మెసేజ్ గురించి మీరు దాదాపు ఒక పేజీ రాశారు. గాయం అక్కడే ఎక్కువగా తగిలిందని అర్థమైంది. కువైట్‌లో సైబర్ నేరాల చట్టం ఉంది, కేసు పెట్టవచ్చని మీ స్నేహితురాలు చెప్పారట. ఆ అబ్బాయి ఉన్నది రాయచోటి దగ్గర. కేసు ముందుకు నడవడం కష్టం. నడిచినా షెల్టర్‌లో ఉన్న చెల్లెలిని కూడా అందులోకి లాగుతుంది. మీరు కూడా జవాబుగా వాయిస్ మెసేజ్ పెడితే ఊరంతటికీ నెల రోజుల వినోదం. అసలు ఆ అబ్బాయి అలా ఎందుకు మాట్లాడాడో ఒకసారి ఆలోచించండి. మన ప్రభుత్వ నిబంధన ప్రకారం 30 ఏళ్లు నిండని ఆడవారిని గల్ఫ్‌లో ఇంటిపనికి పంపడానికి అనుమతి లేదు. 24 ఏళ్ల పిల్ల అక్కడికి చేరిందంటే ఎవరో ఏజెంటు దొడ్డిదారిన పంపించాడని, దానికి ఇంట్లోవారు అప్పుచేసి ఉంటారని అనుకోవడానికి వీలుంది. చెల్లెలు తిరిగి వస్తే ఆ అప్పు ఎవరు తీర్చాలి? ఎవరినో ఒకరిని తిట్టాలి, ఏజెంటును తిట్టే ధైర్యం లేదు, మీరు దొరికారు. ఇది నా ఊహ మాత్రమే, తప్పు కావచ్చు. ఆ తల్లికి ఒక్కసారి ఫోను చేసి, అమ్మాయి ఎక్కడుంది, కాగితాలు ఎంతవరకు వచ్చాయి, డబ్బు ఎవరివి వారికి ఎప్పుడు తిరిగి ఇచ్చారు అన్న మూడు విషయాలు చెప్పి, అవే అక్షరాలా రాసి పంపి, ఆ తరువాత మౌనంగా ఉండటం మేలని నాకు తోస్తుంది. ఊరుకున్నారు కనుక నిజమే అనుకునేవారు కొందరు ఉంటారు. వారిని మీరు ఎలాగూ మార్చలేరు.

ఆ 30 ఏళ్ల నిబంధన గురించి రాస్తుంటే ఇంకొకటి తోచింది. వేసవి సెలవుల్లో మీరు రాజంపేట వస్తారని రాశారు. విమానం ఎక్కాక వచ్చే ఫోన్లలో సగం, ఎక్కకముందు ఎవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే వచ్చేవి కావు. ఏజెంటు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదైనవాడా, చేతికిచ్చింది ఇంటిపనికి ఇచ్చే ఖాదిం వీసానా, విజిట్ వీసానా, ఒప్పందం కాపీ ఇంట్లో ఒకటి ఉంచారా, ప్రవాసీ భారతీయ బీమా చేశారా? ఆ బీమాలో ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు వస్తాయి. రెండేళ్లకు కట్టేది కొన్ని వందల రూపాయలే. దొడ్డిదారిన వెళ్లినవారికి అది ఉండదు, ఆ సంగతి శవపేటిక వచ్చిన రోజున గానీ ఇంట్లోవారికి తెలియదు. అక్కడ 13 ఏళ్లు ఉండి వచ్చిన మీరు ఒక మధ్యాహ్నం పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి చెబితే, ఏ అధికారి చెప్పినా విననట్లు వింటారు. ఊళ్లోని సబ్ ఏజెంట్లకు అది నచ్చదు, కాబట్టి పేర్లు ఎత్తకండి, ప్రశ్నలు మాత్రం నేర్పించండి. ఇది మీ అకామాకు ముప్పు తేని పని, మీవారు కూడా పక్కన కూర్చోగల పని.

ఆయనతో ఎలా మాట్లాడాలని అడిగారు. "నన్ను అర్థం చేసుకో" అని మొదలుపెట్టకండి. ముందు మీ సివిల్ ఐడీ మీద వేరే సిమ్ తీసుకోండి, పాతది ఆయన చేతికి ఇవ్వండి. ఇంట్లో ఎవరినీ ఒక్క రాత్రి కూడా ఉంచకూడదని, అలాంటిది ఎదురైతే మొదటి ఫోను ఎంబసీకి, రెండో ఫోను ఆయనకే అని మీరే చెప్పండి. చెప్పి, ఇవి కాకుండా ఇంకేమి భయంగా ఉందని అడగండి. ఆయన చెప్పేది మీరు అనుకున్నది కాకపోవచ్చు. ఆ వాయిస్ మెసేజ్ ఆయన కంపెనీ క్యాంపులో కూడా విని ఉంటారని, ఎవరో ఏదో అని ఉంటారని నాకు అనుమానం. అప్పటికీ మొత్తం ఆపేయమనే అంటే, కొన్ని నెలలు ఆపి చూడటం కూడా ఒక దారే. ఆ నెలల్లో కొత్త చీటీ, వాయిస్ మెసేజ్ తయారు చేసుకోండి.

షెల్టర్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి ఈ వారం ఒకసారి వెళ్లిరండి. ఆమె జీతం బాకీ గురించి ఫిర్యాదు రాయించారో లేదో కనుక్కోండి. ఇంటికి వెళ్లే తొందరలో చాలామంది అది వదిలేసి సంతకం పెడతారు. వాయిస్ మెసేజ్ సంగతి ఆమెకు చెప్పకండి.

ఇక చివరి ప్రశ్న. రాత్రి పది నుంచి నాలుగున్నర వరకు ఫోను ఆపండి. ఎంబసీ అత్యవసర నంబరు, 112 మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఆపండి. ఆ అగ్నిప్రమాదం జరిగిన రాత్రి మీ ఫోను మోగడం వల్ల కొన్ని కుటుంబాలకు కబురు అందింది నిజమే. ఆ రోజు ఆ కబురు చెప్పడానికి ఇంకా ఎందరో ఉన్నారు, ఇకముందూ ఉంటారు. మీ కొడుకుకు చెప్పడానికి అంతమంది లేరు. వచ్చే శుక్రవారం పిల్లలతో ఫహాహీల్ సముద్రపు ఒడ్డుకు వెళ్లండి, ఫోను ఇంట్లోనే వదిలి వెళ్లండి. తిరిగి వచ్చాక ఎన్ని మిస్డ్ కాల్స్ ఉన్నాయో, వాటిలో ఆ రెండు గంటల్లోనే తేలవలసినవి ఎన్నో నోటుబుక్కులో ఒక మూల రాసుకొని, వీలైతే నాకు మళ్లీ రాయండి.